కానుక ఇచ్చినవారి పేరును, ఇచ్చిన మొత్తాన్ని ఆరాధనలో చదవడం సరైనదేనా?

తెనాలి విశ్వాసి:

అందరికీ వందనాలు. మా సంఘంలో ప్రతి ఆదివారం ప్రసంగం అయిన తరువాత కార్యదర్శి గారు మైకు ముందు నిలబడి గత వారపు కానుకల పట్టిక చదువుతారు. పుట్టినరోజు కృతజ్ఞతార్పణ ఫలానావారు వెయ్యి రూపాయలు, పెళ్ళిరోజు స్తోత్రార్పణ ఫలానావారు అయిదు వందలు, దశమభాగం (రాబడిలో పదోవంతు) ఫలానావారు ఇంత అంటూ సాగే ఆ జాబితా ఒక్కోసారి ప్రార్థన కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ పద్ధతిని ఆపమని కొందరం కోరబోతున్నాము. కొనసాగించి తీరాలని మరికొందరు పట్టుబడుతున్నారు. "నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను" అని మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు అంత స్పష్టంగా చెప్పిన తరువాత ఇందులో చర్చకు ఏం మిగిలిందో నాకు అర్థం కావడం లేదు. అయినా అవతలి పక్షం వాదనను లేఖనాధారంతో వినాలని ఉంది. దశమభాగం క్రొత్త నిబంధన సంఘానికి వర్తిస్తుందా లేదా అనే పాత తగవును మాత్రం దయచేసి ఇక్కడికి తేవద్దు.

పల్లె కాపరి:

సహోదరుడు అడిగారు కనుక అవతలి పక్షం తరఫున నేను మాట్లాడతాను. పేర్లు చదవడమే పాపమైతే సంఖ్యాకాండము 7వ అధ్యాయం బైబిలులో ఉండకూడదు. పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజులు తెచ్చిన అర్పణలను, నూట ముప్పది తులముల వెండి గిన్నె మొదలుకొని పది తులముల బంగారు ధూపార్తి వరకు, పేరు పేరునా తూకంతో సహా పరిశుద్ధాత్ముడే రాయించాడు. దావీదు తాను ఇచ్చిన బంగారం ఎంతో సమాజమంతటి ఎదుట చెప్పిన తరువాతనే ప్రధానులు ముందుకు వచ్చారని మొదటి దినవృత్తాంతములు 29వ అధ్యాయంలో చదువుతాము. పొలం అమ్మి ఆ వెల అపొస్తలుల పాదాల దగ్గర పెట్టిన బర్నబా పేరు నేటికీ మనకు తెలుసు.

లేఖనాన్ని పక్కన పెట్టినా, మా పల్లె సంఘంలో ఈ పట్టిక చేసే పని వేరు. మా వాళ్ళలో ఎక్కువ మంది వ్యవసాయ కూలీలు. ఊళ్ళో వాళ్ళను పేరు పెట్టి, గారు చేర్చి పిలిచే చోటు మరొకటి లేదు. మిరప కోతకు వెళ్ళి వచ్చిన కూలిలో నుండి ఇరవై రూపాయలు తీసి కొంగున ముడి వేసి తెచ్చిన తల్లి, ఆదివారం తన పేరు దేవుని మందిరంలో గౌరవంగా వినబడగానే తలెత్తి చూస్తుంది. అది గర్వమని మీరు అంటే నేను ఒప్పుకోను. అంతేకాక ఆమెకు చదువు రాదు, రసీదు ఇచ్చినా అందులో ఏముందో తెలియదు. తాను ఇచ్చినది కాపరి జేబులోకి కాక సంఘపు లెక్కలోకి చేరిందని ఆమెకు ధ్రువపడేది ఆ పట్టిక వినడం వల్లనే. పట్నంలో కూర్చుని దాన్ని తీసివేయమనడం తేలిక.

బర్మింగ్‌హామ్ తెలుగు:

కాపరి గారి రెండో మాటకు మాత్రం ఒక సమాచారం. ఇంగ్లండులో చాలా సంఘాలలో కానుక కవరు మీద పేరు ఉండదు, సంఖ్య ఉంటుంది. ఏ సంఖ్య ఎవరిదో లెక్కలు రాసే ఒక్కరికే తెలుస్తుంది. పన్ను కట్టేవారు ఇచ్చిన ప్రతి పౌనుకు గిఫ్ట్ ఎయిడ్ కింద ప్రభుత్వం మరో 25 పెన్నీలు సంఘానికి చేర్చుతుంది కనుక ఎవరెంత ఇచ్చారో లెక్క పక్కాగా ఉండాలి. ఆ లెక్క ఉన్నంత మాత్రాన దాన్ని ఆరాధనలో చదవాలని ఎవరూ అనుకోరు. అంటే లెక్క ఉంచడం వేరు, చాటించడం వేరు. అయితే ఇక్కడ కూడా మన తెలుగు కూడికలలో భోజనాల ఖర్చు ఎవరు పెట్టుకున్నారో మూడుసార్లు ప్రకటించకుండా ప్రార్థన ముగియదని ఒప్పుకోవాలి.

లెక్కలు చూసినవాడిని:

చాలా కాలం ఒక సంఘానికి కోశాధికారిగా పనిచేశాను కనుక ఈ విషయాన్ని లెక్కల బల్ల వైపు నుండి చెబుతాను.

కాపరి అయ్యగారు చూపిన వాక్యభాగాలు సరైనవే, కానీ వాటిని ఇంకొంచెం దగ్గరగా చూడాలి. సంఖ్యాకాండములో పన్నెండు మంది అర్పణలూ తులం తేడా లేకుండా సమానం. అందుకే ఆ జాబితాను ఎన్నిసార్లు చదివినా ఒకరి తల ఎత్తుగా, మరొకరి తల వంగినట్టుగా కనిపించదు. మన పట్టికలో అలా ఉండదు. దావీదు తన భాగం చెప్పుకున్న మాట నిజమే, అయితే ప్రధానులు ఇచ్చినది మొత్తంగానే రాశారు తప్ప మనిషి మనిషికి విడదీసి రాయలేదు. ఆ మొత్తం చూసిన తరువాత దావీదు చేసిన ప్రార్థన ఇచ్చినవారిని పొగిడేది కాదు: "ఈ ప్రకారము మనఃపూర్వకముగా ఇచ్చు సామర్థ్యము మాకుండుటకు నేనెంత మాత్రపువాడను? నా జనులెంత మాత్రపువారు?" ఇవ్వగలగడమే తమకు దొరికిన దయ అని అతడు అనుకున్నాడు. బర్నబా పేరు రాశారు, ఎంత ఇచ్చాడో రాయలేదు. అతని పేరు వచ్చిన వెంటనే తరువాతి అధ్యాయంలో, పొలం అమ్మిన వెలలో కొంత దాచుకున్న అననీయ కథ వస్తుంది. "అది నీయొద్ద నున్నప్పుడు నీదే గదా?" అని పేతురు అడిగాడంటే కొంత దాచుకోవడం నేరం కాదన్నమాట. కొంతే ఇచ్చి, అంతా ఇచ్చినవాడిగా కనిపించాలనుకోవడమే అతన్ని పడగొట్టింది. పది మంది చూస్తుండగా ఇచ్చే చోట ఆ కోరిక పుట్టడం ఎంత సులభమో లెక్కల బల్ల దగ్గర కూర్చున్నవాడికి బాగా తెలుస్తుంది.

కవర్ల మీద నేను చూసినవి చెబుతాను. పెన్సిలుతో 200 అని రాసి, కొట్టివేసి, పైన 500 అని దిద్దిన కవర్లు వచ్చేవి. ముందు వరుసలో తోడికోడలి కవరు మీద అంకె కంటబడి ఉంటుంది. ఆ మూడు వందల తేడా దేవుని కోసం ఇచ్చినదని నేను ఎలా అనుకోగలను? "పేరు చదవవద్దు" అని రాసిన కవర్లూ వచ్చేవి. వాటిని కార్యదర్శి గారు "పేరు తెలుపుటకు ఇష్టపడని ఒక సహోదరుడు పది వేల రూపాయలు" అని చదవగానే సంఘమంతా మెడలు తిప్పి ఎవరో పోల్చుకునే పనిలో పడేది. (ఇప్పుడు కొన్నిచోట్ల కానుకకు క్యూఆర్ కోడ్ అతికించి, దుకాణాల్లో ఉండే చిన్న స్పీకరు కూడా పెట్టారు. ప్రార్థన మధ్యలో ఎంత అందిందో అదే అరిచి చెబుతుంది.) వీటన్నిటి కంటే నన్ను బాధపెట్టినది వేరు. చేతిలో ఏమీ లేని వారం కొన్ని కుటుంబాలు ఆరాధనకే రావు. పుట్టినరోజు వచ్చి, కృతజ్ఞతార్పణ కవరు లేకపోతే ఆ పేరు ఆ వారం వినబడదు, వినబడలేదన్న సంగతి అందరికీ తెలుస్తుంది. పట్టిక ఇచ్చినవాడి హృదయాన్ని పాడుచేస్తుందని అందరూ అంటారు. ఇవ్వలేనివాడి హృదయానికి అది చేసే గాయం గురించి ఎవరూ మాట్లాడరు.

యెరూషలేము దేవాలయంలో ఇవ్వడానికి రెండు రకాల చోట్లు ఉండేవని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా చెబుతోంది. ఒకటి బూర ఆకారంలో ఉన్న పదమూడు కానుక పెట్టెలు. రెండోది రహస్యపు గది. అందులో భక్తిపరులు ఎవరికీ తెలియకుండా వేసి వెళ్ళేవారు, మంచి కుటుంబాలలో పుట్టి పేదరికంలో పడినవారు ఎవరికీ తెలియకుండా తీసుకునేవారు. ఇచ్చినవాడి పేరు దాచడం తీసుకునేవాడి పరువు కాపాడడానికి కూడా అని వాళ్ళు ఎరుగుదురు. మార్కు సువార్తలో బీద విధవరాలు రెండు కాసులు వేసినది మొదటి రకం చోటనే. ధనవంతులు ఎక్కువగా వేయడం అందరికీ కనిపించింది, ఆమె వేసినది ప్రభువు ఒక్కడే గమనించాడు. ఆమెను చూపించి మనం కానుకలు అడుగుతాము గాని, దానికి సరిగ్గా ముందు వచనంలో శాస్త్రులు "విధవరాండ్ర ఇండ్లు దిగమ్రింగుచు" ఉన్నారని ఆయన హెచ్చరించిన సంగతి వదిలేస్తాము. ఆమె హృదయాన్ని మెచ్చుకున్నంత తీవ్రంగా ఆ డబ్బు చేరే చేతులను ఆయన నిలదీశాడు.

నా అసలు అభ్యంతరం ఇక్కడ ఉంది. లేఖనం ఇచ్చేవాడిని రహస్యంగా ఇవ్వమంది, పుచ్చుకుని ఖర్చుచేసేవాడిని బహిరంగంగా ఉండమంది. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగుచేసిన ధర్మం విషయమై తన మీద ఎవరూ తప్పు మోపకుండా పౌలు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరులను పంపించాడు, ప్రభువు దృష్టికే గాక మనుషుల దృష్టికి కూడా యోగ్యమైనదే చేయాలన్నాడు (రెండవ కొరింథీయులకు 8:20, 21). మన సంఘాలలో చాలా చోట్ల ఇది తలకిందులైంది. ఎవరు యాభై ఇచ్చారో మైకులో వినబడుతుంది, ప్రహరీ గోడకు ఎంత ఖర్చయిందో అడిగితే "సహోదరుని ఆత్మీయ స్థితి బాగాలేదు" అన్న జవాబు వస్తుంది.

పల్లె కాపరి:

కోశాధికారి గారి మాటలు గుచ్చుకునేవే అయినా న్యాయంగా ఉన్నాయి. ఖర్చు లెక్క విషయంలో నాకు వాదన లేదు. కానీ ఇవ్వలేనివారి గాయం పట్టిక ఆపితే మానుతుందా? పట్నం సంఘాలలో ఫ్యాను రెక్క మీద దాత పేరు, బెంచీ వీపు మీద దాత పేరు, గుమ్మం పక్కన నల్లరాతి పలక మీద బంగారు అక్షరాలలో దాత పేరు. ఆదివారం చదివిన పట్టిక భోజనాల వేళకు మరిచిపోతారు, రాతిపలక అలాగే ఉంటుంది. పట్టిక ఆపండి అనేవాళ్ళు దాని జోలికి పోరు. అప్పుడు మిగిలేది పెద్దవాళ్ళ పేర్లే, పోయేది మా ఇరవై రూపాయల తల్లి పేరు. నా అభ్యంతరం ఇది.

డోర్నకల్ మనవరాలు:

కాపరి అయ్యగారికి వందనాలు. మా అమ్మమ్మ గారి పద్ధతి ఒకటి చెప్పవలసి ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచిన తరువాత ఆవిడ అందులో నుండి ఒక పిడికెడు తీసి, మూలనున్న చిన్న కుండలో వేసేది. పూట గడవడం కష్టమైన రోజున కూడా పిడికిలి చిన్నదయ్యేదేమో గాని మానేది కాదు. ఆదివారం ఆ బియ్యం గుడికి తీసుకువెళ్ళి అందరూ పోసే రాశిలోనే పోసేది. రాశిలో పడిన తరువాత ఎవరి గింజలు ఎవరివో చెప్పగలవారు ఎవరు?

ఇది ఆవిడ ఒక్కరి అలవాటు కాదు. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడైన వి. ఎస్. అజరయ్య గారు 1945లో మరణించే వరకు ఈ ప్రాంతపు సంఘాలకు నేర్పిన పాఠాలలో ఇది ఒకటి. ఆయన సంఘస్థులలో అత్యధికులు మాల, మాదిగ పేటల కూలీలు. ఇంత బీదవారి దగ్గర కానుక అడగడం తగదని అనడం ఎవరికైనా సులభం. బీదవాడు పుచ్చుకునేవాడిగానే మిగిలిపోకూడదని, ఇచ్చేవాడిగా నిలబడాలని, విదేశీ మిషను డబ్బు మీద ఆధారపడిన సంఘానికి వెన్నెముక ఉండదని ఆయన నమ్మారు. కానుకల విషయమై ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. మిజోరంలో 1910లో మొదలైన "బుహ్ఫాయ్ థామ్" అనే పిడికెడు బియ్యం పద్ధతి కూడా ఇలాంటిదే, అది నేటికీ సాగుతోంది.

కాపరి గారు చెప్పిన గౌరవం నిజమైనది, దాన్ని తీసివేయమని నేను అనను. అయితే ఆ గౌరవం మా అమ్మమ్మకు పేరు చదవడం వల్ల రాలేదు, ఎవరికి ఎంత ఉన్నా రాశి దగ్గర అందరూ ఒకే వరుసలో నిలబడడం వల్ల వచ్చింది. "లోతైన దారిద్ర్యం"లో ఉండి కూడా సామర్థ్యం కంటే ఎక్కువగా ఇచ్చిన మాసిదోనియ సంఘాలను పౌలు కొరింథువారికి చూపించినప్పుడు ఆ సంఘాల ఉత్సాహం గురించి రాశాడు, ఏ ఇంటివారు ఎంత వేశారో రాయలేదు.

తెనాలి విశ్వాసి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదివిన తరువాత తీర్మానాన్ని ఇలా రాశాను. కృతజ్ఞతార్పణలు ఇచ్చినవారి పేర్లు, కానుక ఇవ్వకపోయినా ఆ వారం పుట్టినరోజు, పెళ్ళిరోజు ఉన్నవారి పేర్లు కలిపి ప్రార్థన కోసం చదవాలి, మొత్తాలు చదవకూడదు. ఇద్దరు లెక్కించి సంతకం చేసిన రసీదు వారంలోగా అందించాలి, చదువురానివారికి ఒక సంఘపెద్ద దాన్ని విడిగా చదివి వినిపించాలి. ప్రతి నెలా వచ్చిన మొత్తం, కాపరి జీతం, డయాసిస్ (బిషప్పు కింద ఉండే సంఘాల మండలం) వాటా, మరమ్మతులు సహా ఖర్చు అంతా నోటీసు బోర్డు మీద పెట్టాలి. కొత్తగా ఏ వస్తువు మీదా దాత పేరు రాయకూడదు. ఉన్న రాతిపలక సంగతి కదిపితే తీర్మానమే వీగిపోతుందని భయంగా ఉంది.

పల్లె కాపరి:

రాతిపలక వదిలేస్తే నా అభ్యంతరం అలాగే ఉంటుందని రాసుకోండి. మిగతాది మా సంఘపెద్దల ముందు పెడతాను. అయితే కోతపండుగ మాటేమిటి? ఆ రోజు గుమ్మడికాయ వేలం పాట పాడి, ఒకరు కొన్నదాన్ని మళ్ళీ మందిరానికే ఇస్తే దాన్ని ఇంకొకరు పాడి, మూడు వందల కాయ మూడు వేలకు వెళుతుంది. పేరూ మొత్తమూ దాచిపెట్టి వేలం పాడలేము గదా. అది ఆపితే పిల్లలు కూడా ఊరుకోరు.

లెక్కలు చూసినవాడిని:

వేలం ఆపమని నేను అనను అయ్యగారూ, అక్కడ ఉత్సాహం చాలావరకు నిజమైనదే. ఒక్క మార్పు చేసి చూడండి. పాట పాడి కొన్నవారి పేరు మైకులో ఎన్నోసార్లు వినబడుతుంది, ఆ గుమ్మడి పాదుకు నీళ్ళు పోసి ప్రథమఫలంగా మోసుకొచ్చినవారి పేరు ఎవరూ చెప్పరు. వేలం మొదలుపెట్టేటప్పుడు అది ఎవరి పెరటిదో చెప్పి, వారి కోసం ప్రార్థించి, ఆ తరువాత పాట మొదలుపెట్టించండి.

పల్లె కాపరి:

నేను మొదట అడిగినది అదే గదా. ఈ కోతపండుగకు అలాగే చేస్తాము.