చికిత్స భారాన్ని కొలవడానికి మందుల లెక్క సరిపోతుందా?

ప్రశ్న:
రెండు, అంతకంటే ఎక్కువ దీర్ఘకాలిక వ్యాధులున్నవారిపై ఒక చిన్న అధ్యయనం మొదలుపెట్టబోతున్నాం. జబ్బు పెట్టే బాధ సంగతి అటుంచి, ఆ జబ్బులకు చికిత్స తీసుకోవడమే రోగికి ఎంత భారమవుతోందో తెలుసుకోవాలన్నది మా ఉద్దేశం. రోజుకు ఎన్ని మాత్రలు, ఏడాదికి ఎన్ని అపాయింట్‌మెంట్లు అన్నది రికార్డుల్లోనే ఉంటుంది కాబట్టి రోగిని మళ్లీ ప్రశ్నలతో విసిగించనక్కర్లేదని బృందంలో కొందరి వాదన. ఇది సరైనదేనా? ప్రశ్నావళి వాడితే ఏది మేలు?

మొదటి జవాబు:
లెక్క దండగ అనను. ఐదు జబ్బులున్న 79 ఏళ్ల మహిళను ఊహించుకుని, మార్గదర్శకాలన్నీ పాటిస్తే ఆమె 12 రకాల మందులను రోజుకు 19 మోతాదులుగా వేసుకోవాల్సి వస్తుందని 2005లో బాయిడ్ బృందం చూపించింది. అయితే అందులో తెలిసేది పని ఎంతన్నదే. చూపు ఆనని, వేళ్లు వంగని మనిషికి అట్టలోంచి మాత్ర ఊడదీయడమే ఒక ప్రయాస. ఇద్దరు డాక్టర్ల మాటలు పొసగనప్పుడు ఎవరి మాట వినాలో తేల్చుకునే అవస్థ ఏ రికార్డుకూ ఎక్కదు. 2012లో షిప్పీ బృందం ప్రతిపాదించిన నమూనా కూడా పనిభారాన్నీ, దాన్ని మోయగల శక్తినీ కలిపే చూడమంటుంది.

రెండో జవాబు:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. ఇక సాధనం విషయానికొస్తే, ఈటన్ బృందం రూపొందించిన పెట్స్ అనే ప్రశ్నావళి సమగ్రమైనదే కానీ తొలి రూపంలోనే 48 ప్రశ్నలున్నాయి; భారం కొలవబోయి మనమే భారం మోపినట్టవుతుంది. ట్రాన్ బృందం తెచ్చిన టీబీక్యూ (చికిత్స భారం ప్రశ్నావళి)లో 15 ప్రశ్నలకు సున్నా నుంచి 10 వరకు మార్కులుంటాయి. మీ అవసరానికి బ్రిస్టల్‌లో డంకన్ బృందం 2018లో ప్రచురించిన ఎంటీబీక్యూ (ఒకటికి మించి జబ్బులున్నవారి చికిత్స భారం ప్రశ్నావళి) చాలుననిపిస్తుంది. అందులో పది ప్రశ్నలే. ఆ పని ఎంత కష్టంగా ఉందన్నదాన్ని బట్టి ఒక్కొక్కదానికి సున్నా నుంచి 4 వరకు వేసి, సగటును 25తో హెచ్చిస్తే వందకు స్కోరు వస్తుంది. 22, ఆపైన వస్తే ఎక్కువ భారంగా లెక్కిస్తారు.

ఒక మెలిక ఉంది, జాగ్రత్త. ‘నాకు వర్తించదు’ అన్న జవాబుకూ సున్నాయే. అసలు ఆ పనే లేనివారూ, పని ఉన్నా సులువుగా చేసుకునేవారూ, డాక్టర్ చెప్పినా మానేసి కూర్చున్నవారూ చివరికి ఒకే అంకెలో కలిసిపోవచ్చు. అందుకే ఒక్కో ప్రశ్నకు వచ్చిన జవాబులను విడిగా కూడా భద్రపరచండి.

మూడో జవాబు:
స్కోర్లు చాలావరకు సున్నా వైపే పోగుపడతాయి కాబట్టి సగటుకు బదులు మధ్యస్థ విలువ (స్కోర్లను వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది) ఇవ్వడం మంచిది. మరో మాట: మందుల డబ్బా సర్దడం నుంచి రిపోర్టులు దాచడం వరకు భార్యో కూతురో చూసుకుంటే రోగికి ‘ఏ కష్టమూ లేదు’ అనే అనిపిస్తుంది. తోడుండేవారిపై ఆధారపడటం గురించి ఎంటీబీక్యూలో ఒక ప్రశ్న ఉన్నా, అది రోగి మనసును అడుగుతుందే తప్ప ఆ తోడు మోస్తున్న బరువును కాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఎంటీబీక్యూనే తీసుకుని, మందుల సంఖ్యను పక్కన ఒక వివరంగా మాత్రమే నమోదు చేస్తాం. మందులు ఎవరు సర్దుతారన్న ప్రశ్నను మా వంతుగా విడిగా చేర్చి, దాన్ని స్కోరులో కలపకుండా ఉంచుతాం.