మధ్యలో ఆగిన బస్సు లెక్క: ఎక్స్ పెట్టాలా, నోటి లెక్క చాలా?

కావలి తండ్రి
మా వాడు రైల్వే పరీక్షకు ఒంగోల్లో కోచింగ్ తీసుకుంటున్నాడు. ఆదివారం ఇంటికొచ్చి ఈ లెక్క ముందేసుకుని గంటసేపు కూర్చున్నాడు.

నెల్లూరులో బయల్దేరిన బస్సు గంటసేపు నడిచి చెడిపోయింది. 30 నిమిషాలు ఆగింది. తర్వాత మొదటి వేగంలో నాలుగింట మూడు వంతులతోనే నడిచి ఒంగోలుకు 50 నిమిషాలు ఆలస్యంగా చేరింది. అదే ఇంకో 18 కిలోమీటర్లు పోయాక చెడిపోయి, అంతేసేపు ఆగివుంటే 44 నిమిషాలే ఆలస్యమయ్యేది. వేగమెంత? దూరమెంత?

మా వాడికి దూరం 210 వచ్చింది. స్కూల్లో అన్నీ ఎక్స్‌తోనే చేయించారు. కోచింగులో ఎక్స్ పెడితే టైం పోతుందంటున్నారట. ఏది వదలాలి, ఏది పట్టుకోవాలి?

సింగరాయకొండ లెక్కల టీచర్
అన్నా, నెల్లూరు నుంచి ఒంగోలుకు హైవే మీద 120కి అటూఇటూ ఉంటుంది. 210 రాగానే పెన్ను ఆపి వెనక్కి చూడాల్సింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ అంకే చెబుతోంది. 50 నిమిషాల ఆలస్యమంతా వేగం తగ్గడం వల్లే అనుకున్నాడు. అందులో 30 బస్సు నిలబడిన సమయం. దాన్ని ముందే పక్కన పెట్టాలి. నెమ్మదిగా నడిచినందుకు పోయింది 20 నిమిషాలే.

ఇక ఎనిమిదో తరగతి విలోమానుపాతం చాలు. వేగం నాలుగింట మూడు వంతులైతే పట్టే సమయం మూడింట నాలుగు వంతులవుతుంది. అంటే మామూలు సమయంలో మూడో వంతు అదనం. రెండు సందర్భాలకూ తేడా 18 కిలోమీటర్లు, 6 నిమిషాలు. ఆ 6 మూడో వంతైతే మామూలుగా పట్టేది 18 నిమిషాలు. 18 నిమిషాలకు 18 కిలోమీటర్లు, అంటే గంటకు 60. మిగిలిన దారికి అదనం 20 నిమిషాలు కాబట్టి మామూలు సమయం 60 నిమిషాలు, 60 కిలోమీటర్లు. ముందు నడిచిన 60 కలిపితే 120.

ఒక గీత గీసి, బస్సు ఆగిన చోట చుక్క పెట్టమనండి. గీత లేకుండా ఈ లెక్క చేయించడం నాకు ఇష్టం ఉండదు.

ఆత్మకూరు ఇంజినీరింగ్ విద్యార్థిని
టీచర్ గారూ, మీ పద్ధతి బాగుంది, కానీ వంతులు ఇచ్చారు కాబట్టే నడిచింది. అదే బస్సు "గంటకు 15 కిలోమీటర్లు తగ్గించుకుని నడిచింది" అని ఇస్తే? జవాబులు మారవు, దారి మూసుకుపోతుంది. వేగం ఎక్స్ అనుకుంటే, 18 కిలోమీటర్లకు రెండు వేగాలతో పట్టే సమయాల తేడా గంటలో పదో వంతు. సాధిస్తే ఎక్స్‌ను (ఎక్స్ మైనస్ 15)తో గుణించిన విలువ 2700. వర్గసమీకరణం వచ్చేసింది. ఎక్స్ మాన్పిస్తే ఆ అబ్బాయి ఇక్కడ ఆగిపోతాడు.

ఒంగోలు ఉద్యోగార్థి
అక్కా, రైల్వేలో నాన్ టెక్నికల్ ఉద్యోగాలకు పెట్టే ఎన్‌టీపీసీ పరీక్ష మొదటి దశలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు. ఒక్కోదానికి 54 సెకన్లు. తప్పు రాస్తే మూడో వంతు మార్కు కోత. వర్గసమీకరణం రాస్తూ కూర్చునే తీరిక మాకు యాడిది? ఆప్షన్లు చూసి 60 వేసుకుంటాను. 60 ఇంటూ 45 ఎంత? 2700. అయిపోయింది.

ఇంకోటి. బస్సు ఆగకుండా గంటకు 54, ఆగుతూ 45 పోతే గంటకు ఎంతసేపు ఆగింది? తేడా 9ని 54తో భాగించి 60తో గుణిస్తే 10 నిమిషాలు. ఈ సూత్రంతో నాకు మాక్ టెస్టుల్లో ఎన్ని మార్కులొచ్చాయో!

సింగరాయకొండ లెక్కల టీచర్
తమ్ముడూ, ఆ సూత్రం నిజమే. ఎందుకు నిజమో చెప్పగలవా? ఆగినందువల్ల గంటలో 9 కిలోమీటర్లు తగ్గాయి. 54 వేగంతో ఆ తొమ్మిదికి 10 నిమిషాలు పడుతుంది. అంతసేపూ బస్సు నిలబడింది. ఇది తెలిసినవాడు సూత్రం మరిచినా మళ్ళీ కట్టుకుంటాడు. తెలియనివాడు కావలి వాళ్ళబ్బాయి లెక్కలోనూ అదే పెట్టేస్తాడు.

సగటు వేగం అడిగినా ఇదే పేచీ. మన బస్సు 60 నిమిషాలు, తర్వాత 80 నిమిషాలు నడిచింది. ఆగినది కలిపితే 170 నిమిషాలు, సగటు 42 చిల్లర. కలపకపోతే 51 చిల్లర. ఏది కావాలో ప్రశ్నలో వెతుక్కోవాలి. 60కీ 45కీ మధ్య 52.5 అనేవాళ్ళు మా తొమ్మిదో తరగతిలో ఏటా సగం మంది.

ఆత్మకూరు ఇంజినీరింగ్ విద్యార్థిని
ఆప్షన్లు ఇస్తారు కాబట్టి ఒంగోలు తమ్ముడి మాట చెల్లింది. పదో తరగతి పబ్లిక్‌లో ఇదే పెద్ద ప్రశ్నగా వస్తే మెట్లు రాయాలి. అక్కడ 60 ఎక్కడి నుంచి వచ్చిందో చూపించకపోతే మార్కులు పడవు.

కావలి తండ్రి
అందరికీ నమస్కారం. రాత్రి మా వాడిచేత గీత గీయించాను. చుక్క పక్కన 30 అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టాడు. మూడు నిమిషాల్లో 120 తెచ్చాడు. తర్వాత ఆత్మకూరు అమ్మాయి 15 తగ్గించిన లెక్క ఇచ్చాను. ఆ ఒక్కదానికీ ఎక్స్ పెట్టుకుంటానన్నాడు. సరేనన్నాను.