8 అడుగుల తెరచాప పడవ: మూడు ప్లై షీట్లతో అవుతుందా?

గాలివాటం:
ఒక్క మనిషి నడుపుకునే తెరచాప పడవకి డ్రాయింగ్ వేస్తున్నాను. పొడవు 8 అడుగులు, వెడల్పు 4 అడుగులు, ముందూ వెనకా అడ్డపలకలే, కోసు ముక్కు లేదు. గోడల ఎత్తు 40 సెం.మీ. చాప 4 చదరపు మీటర్లు, పైనా కిందా కర్రలుండే లగ్ రకం. నడిపేది పులికాట్ లాంటి లోతు తక్కువ నీళ్లలో. 6 మి.మీ. మెరైన్ ప్లై మూడు షీట్లు సరిపోతాయా? అడుగు చదునుగా ఉంచితే పని తేలిక కదా, వంపు తప్పనిసరా? స్తంభం ఎక్కడ నిలపాలి?

చెక్కపొట్టు:
వంపు తప్పనిసరండి. పడవ 45, చాప సామాను 10, మనిషి 75, మొత్తం 130 కిలోలు అనుకుందాం. చదును అడుగైతే నాలుగున్నర సెంటీమీటర్లు మునుగుతుంది గానీ వెనక అడ్డపలక కూడా అంత లోతూ నీళ్లలోనే ఉంటుంది. దాని వెనక నీళ్లు సుడులు తిరుగుతూ పడవను వెనక్కి పట్టి లాగుతాయి. నడిపే మనిషి ఒక జానెడు వెనక్కి జరిగితే ఇంకా దిగబడుతుంది. మధ్యలో 15 సెం.మీ. వంపు ఇవ్వండి. అప్పుడు నడుమ 8–9 సెం.మీ. మునిగి, రెండు చివర్లూ నీటికి ఆరేడు సెంటీమీటర్లు పైన ఉంటాయి.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. 244 సెం.మీ. షీటు వంగాక చివరి నుంచి చివరికి 241.5 మాత్రమే వస్తుంది. పక్క గోడల్ని 244కే కోస్తే అడుగు పలక రెండున్నర సెం.మీ. చాలదు. గోడలు 241.5కే గీయండి.

కోత ఇలా: మొదటి షీటు మొత్తం అడుగుకే. రెండో దాంట్లో 40 సెం.మీ. పట్టీలు రెండు, పక్క గోడలకు. పై అంచు తిన్నగా ఉంటుంది, కింది అంచుకే వంపు, అందుకని చివర్లలో ఎత్తు 25 సెం.మీ. మిగిలిన 42 సెం.మీ. పట్టీలో రెండు అడ్డపలకలూ వచ్చేస్తాయి. మూడో షీటు గాలి పెట్టెలకు: లోపలి గోడలు రెండు, 20 సెం.మీ. మూతలు రెండు. రంపం దారికి 2 సెం.మీ. మిగులుతుంది, సన్న బ్లేడు వాడండి. ఒక్కో పక్క పెట్టె దాదాపు 165 లీటర్లు. పడవ తిరగబడినా మీ బరువుతో సహా తేలుతుంది. చుక్కానికీ, పక్కపలకకూ (పడవ పక్కకి జారిపోకుండా గోడ వెంట నీళ్లలోకి దింపే పలక) 18 మి.మీ. ప్లై ముక్క వేరుగా కావాలి.

ప్లై మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం) ముద్ర ఉండాలి. ఐఎస్ 303 వంటింటి అల్మారాలకు బాగుంటుంది, పడవకు వద్దు. ముద్ర చూసి ఊరుకోకుండా అంచుని వెలుతురులో పెట్టి చూడండి. పొరల మధ్య గుండుసూది దూరే సందులు కనిపిస్తే ఆ షీటు వదిలేయండి, నీళ్లు చేరి కుళ్లు మొదలయ్యేది అక్కడే.

అమరం:
ముందు స్తంభానికి చోటు చూసుకుని తర్వాత చాప తగిలిస్తే పొరపాటే. లెక్క తలకిందులుగా చేయండి.

పులికాట్‌లో చాలా చోట్ల లోతు మీటరు కూడా ఉండదు. అడుగుకి గాడి కోసి మధ్యపలక దింపితే అది బురదలో కూరుకుపోయి గాడి మొదలే చిట్లుతుంది. పక్క గోడకి బోల్టు మీద తిరిగే పలక పెట్టండి, నేల తగిలితే దానంతటదే పైకి లేస్తుంది. నీళ్లలో ఉండే భాగం చాప వైశాల్యంలో 4 శాతం, అంటే 30 × 55 సెం.మీ. చుక్కానికి అందులో సగం. పలక మధ్య ముందు అంచు నుంచి 110 సెం.మీ. దగ్గర వచ్చేలా చూడండి.

ఇప్పుడు చాపను స్కేలుకి అట్టముక్కలో కోసి, ఒకసారి ఒక మూల నుంచి, ఇంకోసారి ఇంకో మూల నుంచి సూదికి వేలాడదీసి, దారం కట్టిన బరువుతో గీతలు గీయండి. అవి కలిసే చోటే గాలి ఒత్తిడికి కేంద్రం. అది పలక మధ్యకు సరిగ్గా పైన, లేదా 10 సెం.మీ. ముందుకి రావాలి. అలా పెట్టాక స్తంభం ఎక్కడ పడితే అక్కడే దాని చోటు. కేంద్రం వెనక్కి పోతే పడవ ఎప్పుడూ గాలికేసి తిరుగుతుంది, చుక్కాని పట్టి పట్టి చెయ్యి పీకుతుంది. మరీ ముందుకైతే ఇంకా ప్రమాదం, చుక్కాని వదిలితే గాలికి వీపు తిప్పి పరుగెడుతుంది. లగ్ చాపతో సుఖమేమిటంటే, నీళ్లలోకి దిగాక కూడా కర్రల్ని 5–10 సెం.మీ. ముందుకో వెనక్కో జరిపి సరిచేసుకోవచ్చు.

స్తంభం పాదానికీ, పైన పట్టుకునే చట్రానికీ మధ్య 40 సెం.మీ. ఎడం ఉంచండి. గంటకు 28 కి.మీ. గాలిలో ఈ చాప మీద 17 కిలోల తోపుడు పడుతుంది. అది చట్రానికి చేరేసరికి 90 కిలోల దాకా అవుతుంది. ఎడం 20కి తగ్గిస్తే చట్రం మీద బరువు దాదాపు రెట్టింపు. ఉత్త 6 మి.మీ. ప్లైకి బెజ్జం పెట్టి అందులో స్తంభం దింపకండి, కింద 40 మి.మీ. మందం కట్టె వేయండి.

గాలివాటం:
చాలా ఉపయోగపడిందండి. డ్రాయింగ్ మార్చేస్తాను. అతుకులకు పాలిస్టర్ రెజిన్ చౌకగా దొరుకుతోంది, వాడొచ్చా? చాపకి టార్పాలిన్ సరేనా?

చెక్కపొట్టు:
పాలిస్టర్ వద్దు, చెక్కకు సరిగా పట్టదు. ఏడాది తిరక్కుండా అతుకుల మీద అంటించిన ఫైబర్‌గ్లాస్ పట్టీలు పొరలా లేచిపోతాయి. ఎపాక్సీ (గట్టిపడే మందు కలిపి వాడే జిగురు) 5 కిలోలు, 75 మి.మీ. ఫైబర్‌గ్లాస్ పట్టీ 25 మీటర్లు తెచ్చుకోండి. పలకల్ని రాగి తీగతో 15 సెం.మీ.కి ఒక కుట్టు వేసి బిగించి, మూలల్లో సన్నటి రంపపు పొడి కలిపిన ఎపాక్సీ నింపండి. గరిటెతో ఎత్తితే జారకుండా నిలబడే గట్టి పచ్చడిలా ఉండాలి. పలచగా ఉంటే నిలువు మూలల్లోంచి కారిపోతుంది. చెంచా వెనక వైపుతో లాగితే గుండ్రటి పూత వస్తుంది. అది పచ్చిగా ఉండగానే పట్టీ పరిచేయండి.

పాళ్లు డబ్బా మీద ఉన్నట్టే, డిజిటల్ తూకంతో. గట్టిపడే మందు ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందనుకోవద్దు, అసలు ఆరకుండా జిగటగానే ఉండిపోతుంది. మన ఎండల్లో 150 గ్రాములకు మించి ఒకసారి కలపకండి. గ్లాసులో వదిలేస్తే దానికదే వేడెక్కి పొగలొస్తుంది, వెడల్పు పళ్లెంలో పోసుకోండి. ఉక్కపోత రోజుల్లో ఆరిన పొర మీద మైనంలాంటి జిడ్డు తేలుతుంది. నీళ్లూ పీచుతో కడిగాకే రెండో పూత, లేకపోతే అతకదు. పైన రంగు తప్పనిసరి, ఎండకి ఎపాక్సీ పొడిబారిపోతుంది.

గాలి పెట్టెలకు మరమూతలు పెట్టి, ఒడ్డున ఉన్నప్పుడు తీసి ఉంచండి. మూసి ఎండలో వదిలితే లోపలి గాలి ఉబ్బి అతుకులు విడిపోతాయి.

అమరం:
మొదటి చాపకి టార్పాలిన్ చాలు, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల బరువు) దాటినది తీసుకోండి. నేత పోగులు వెనక అంచుకి సమాంతరంగా ఉండాలి, ఐమూలగా పడితే ఆ అంచు సాగి రెపరెపలాడుతుంది. మూలలకు మూడేసి పొరలు, పాలిస్టర్ దారంతో జిగ్‌జాగ్ కుట్టు. పై కర్ర వెంట అంచుని తిన్నగా కాక మధ్యలో 3–4 సెం.మీ. ఉబ్బుగా కోస్తే చాపకి పొట్ట వస్తుంది.

చాప ఎత్తే తాడు నైలాన్ వద్దు, సాగుతుంది. 6 మి.మీ. పాలిస్టర్ వాడండి. ఎత్తాక కింది కర్రని కిందికి లాగే తాడు గట్టిగా బిగించాలి. పైకర్ర వెనక కొస నుంచి కింద ముందు మూలకు సన్నటి ముడత కనిపించే దాకా లాగండి, గాలి నిండగానే ఆ ముడత పోతుంది. ఆ తాడు వదులుగా ఉంటే ఎంత మంచి చాపైనా గాలికి ఎదురు నడవదు.

ఇంకొకటి, పులికాట్‌లో పక్షుల అభయారణ్యం ఉంది. పడవ దింపే ముందు అటవీ శాఖ వాళ్లని అడగండి, లైఫ్ జాకెట్ వేసుకుని దిగండి.