బండి తనంతట తాను నడుస్తుంటే సీట్లో ఉన్నవాడిని డ్రైవరు అనవచ్చా?

నల్లగొండ వకీలు:
డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానివ్వనని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2017లో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి చెప్పారు. ఆ మాటతో విషయం ముగిసిందని చాలామంది అనుకుంటున్నారు. కానీ లేన్ తప్పకుండా, ముందు బండికి దూరం పాటిస్తూ, అవసరమైతే బ్రేకు కూడా వేసుకునే కార్లు ఇప్పటికే చిట్యాల, నకిరేకల్ మీదుగా విజయవాడకు పోతున్నాయి. వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ, బండి తానే ఎంతవరకు నడుస్తుందన్న దాన్నిబట్టి సున్నా నుంచి ఐదు వరకు పెట్టిన స్థాయిల్లో వీటిది లెవెల్ 2; ఎంత పని యంత్రం చేసినా రోడ్డు మీద కన్ను వేసి ఉంచవలసింది మనిషే. లెవెల్ 3లో మాత్రం యంత్రం పిలిచేదాకా మనిషి రోడ్డు చూడనక్కరలేదు. మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. 2019 సవరణలో చేర్చిన 2బి సెక్షన్, పరిశోధన కోసం కొన్ని వాహనాలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టిందే గాని, యంత్రం నడుపుతున్నప్పుడు డ్రైవరు ఎవరన్నది తేల్చలేదు.
నా ప్రతిపాదన ఇది: యంత్రం నడిపినంతసేపు నేరబాధ్యత తయారీ సంస్థది, మనిషి స్టీరింగ్ అందుకున్నాక మనిషిది. 2024 మే నెలలో ఆమోదం పొందిన బ్రిటన్ చట్టం దాదాపు ఇలాగే విడదీసింది. బండి తానే నడిచే సమయంలో జరిగిన డ్రైవింగ్ నేరాల నుంచి సీట్లో ఉన్నవారికి రక్షణ ఇచ్చి, బీమా, పిల్లల సీటు బెల్టు వంటి బాధ్యతలను మాత్రం వారికే ఉంచింది.

పాలమూరు లారీ:
వకీలు సార్, మీ విభజన సొంత కారు నడుపుకునేవారికి సరిపోతుందేమో, జీతానికి నడిపేవాడికి సరిపోదు. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ పట్టణంలో రాత్రిపూట సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఊబర్ వారి ప్రయోగ వాహనం ఢీకొట్టి చంపింది. ఎదురుగా ఏదో ఉందని యంత్రం 5.6 సెకన్ల ముందే పసిగట్టింది గాని, అది బండా, సైకిలా, మరేదైనానా అన్నది తేల్చుకోలేక ఆ సమయాన్ని పోగొట్టింది. సీట్లో ఉన్న ఉద్యోగిని ఫోనులో కార్యక్రమం చూస్తోంది. ఆమె తప్పు లేదని నేను అనను. అయితే చివరికి 2023లో నేరం ఒప్పుకొని మూడేళ్ల ప్రొబేషన్ పొందింది ఆమె ఒక్కతే. కంపెనీ మీద క్రిమినల్ కేసే నడవలేదు.
బెంగళూరు నుంచి రాత్రి బండి తెచ్చేవాళ్లను అడగండి. పెబ్బేరు దాటాక తెల్లవారుజామున గేరు మార్చడం, అద్దం చూడడం, డిప్పర్ కొట్టడం, ఇవే మనిషిని మేలుకొని ఉంచుతాయి. ఆ పనులన్నీ యంత్రానికి అప్పగించి, ఊరికే చూస్తూ కూర్చో, పిలిస్తే పట్టుకో అంటే అది నడపడం కన్నా కష్టం. ఓనరు మాత్రం దాన్ని తేలిక పని కింద లెక్కగట్టి జీతం కోస్తాడు. నిర్లక్ష్యం వల్ల మరణానికి ఉన్న శిక్షను భారతీయ న్యాయ సంహిత 106(1) రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. పక్కనున్న, ఢీకొట్టి చెప్పకుండా పారిపోయినవారికి శిక్ష వేసే 106(2) మీద 2024 జనవరిలో మేము బండ్లు ఆపితే కేంద్రం దాని అమలు వాయిదా వేసింది. కేసులో పేరు మాది, నడిపే చెయ్యి మాది కాదు అంటే ఎట్లా ఒప్పుకుంటాం?

సూర్యాపేట ఇంజనీరు:
స్టీరింగ్ అందుకున్న క్షణం అని వకీలు గారు ఒక్క మాటలో దాటేశారు. చిక్కంతా అక్కడే ఉంది. లెవెల్ 3 కార్ల కోసం ఐక్యరాజ్యసమితి చేసిన 157వ నిబంధన ప్రకారం, యంత్రం మనిషిని పిలిచాక అందుకోవడానికి కనీసం పది సెకన్లు ఇవ్వాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ పది సెకన్లలో కారు దాదాపు 278 మీటర్లు పోతుంది. మన దగ్గర అంత దూరంలో ఏముంటుందో చెప్పనా? కిలోమీటరు చుట్టు తిరగడం ఎందుకని మీడియన్ సందు దాకా రాంగ్ రూటులో వచ్చే ట్రాక్టర్ ఉంటుంది. ట్రాలీ అంచులు దాటేలా పత్తి నింపి ఉంటుంది, లైటు ఉండదు. వానాకాలం కోతలైతే సర్వీసు రోడ్డులో సగం మేర వడ్లు పోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. ఆ రాళ్లు పగలే సరిగా కనిపించవు.
అదే నిబంధన, పాదచారులకు, సైకిళ్లకు ప్రవేశం లేని, ఎదురెదురు వాహనాల మధ్య అడ్డు ఉన్న రోడ్ల మీదనే ఈ వ్యవస్థను అనుమతిస్తుంది. ఆ లెక్కన మన హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు రహదారి పనికిరాదు. మనకు దగ్గరలో ఆ షరతులకు సరిపోయేది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఒక్కటే, అక్కడ ద్విచక్ర వాహనాలను కూడా రానివ్వరు. కంది ఐఐటీలో డ్రైవరు లేని వాహనాలను పరీక్షించే తిహాన్ ప్రయోగ క్షేత్రం 2022 నుంచే ఉంది. అక్కడ పరీక్షించి, ఔటర్ వరకే అనుమతించి, మిగతా రోడ్ల మీద మనిషినే పూర్తి డ్రైవరుగా ఉంచాలని నా అభిప్రాయం.

మిర్యాలగూడ క్లెయిమ్స్:
మీరంతా జైలు గురించే వాదిస్తున్నారు, చనిపోయినవారి ఇంటి సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద ఎవరి తప్పో రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఓనరు లేదా బీమా సంస్థ ఇవ్వాలి. తయారీ సంస్థే డ్రైవరు అని రాస్తే, అంతకు మించి పరిహారం కోరే ప్రతి దావాలోనూ మాది కాదంటే మాది కాదని బీమావారు, కంపెనీవారు ఏళ్ల తరబడి కొట్లాడుకుంటారు, ఆ వితంతువు ట్రిబ్యునల్ చుట్టూ తిరుగుతుంది. బ్రిటన్ 2018లోనే దీనికి దారి చూపింది: ముందు బీమా సంస్థ చెల్లించాలి, తర్వాత అది కంపెనీ నుంచి రాబట్టుకోవాలి. మనకూ అదే కావాలి.
ఇంకో ప్రశ్న. గాయపడినవారికి వైద్యం అందేలా చూడవలసిన బాధ్యతను అదే చట్టం 134వ సెక్షన్ డ్రైవరు మీద, లేదా బండి ఎవరి అధీనంలో ఉందో వారి మీద పెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2023 అక్టోబరులో క్రూజ్ కంపెనీ వారి డ్రైవరు లేని కారు ఒకటి, తన కింద పడిన మహిళను దాదాపు ఇరవై అడుగులు ఈడ్చుకుపోయింది. సీట్లో మనిషి లేడు. దిగి చూసేవాడు లేని బండికి 134 ఎలా వర్తిస్తుంది?

పాలమూరు లారీ:
క్లెయిమ్స్ సార్ చెప్పినట్టు బీమా ముందు కట్టాలన్నది న్యాయమే. దానితో పాటు ఒకటి రాయించండి: యంత్రం ఎప్పుడు పట్టుకుంది, ఎప్పుడు పిలిచింది అన్న రికార్డు పోలీసులకు, ట్రిబ్యునల్‌కు నేరుగా అందాలి. ఓనరు చేతిలోనో, కంపెనీ సర్వర్‌లోనో ఉంటే అది మాదాకా రాదు.

నల్లగొండ వకీలు:
రికార్డు షరతును నా ప్రతిపాదనలో చేర్చుకుంటున్నాను. 157వ నిబంధన అలాంటి పరికరాన్ని ఇప్పటికే తప్పనిసరి చేసింది, కాబట్టి సాంకేతికంగా కుదరదన్న సాకు చెల్లదు. ఇంజనీరు గారి ఔటర్ పరిమితితో మాత్రం పూర్తిగా ఏకీభవించను, ఎందుకంటే అది లెవెల్ 2 కంపెనీలకు చేతులు దులుపుకొనే అవకాశం ఇస్తుంది. 2019లో ఫ్లోరిడాలో, టెస్లా వారి లెవెల్ 2 వ్యవస్థ అయిన ఆటోపైలట్ పనిచేస్తుండగా జరిగిన ప్రమాదంలో కారు నడుపుతున్నది మనిషే అయినా, 2025 ఆగస్టులో మయామీ జ్యూరీ మూడోవంతు బాధ్యతను టెస్లా మీద పెట్టింది. పేరు పెట్టి, ప్రకటన చేసి, మనిషి ఏమరుపాటుకు కారణమైనవారు మన రోడ్ల మీద కూడా ఆ వాటా మోయాలి. 134 విషయంలో నాది ఒకటే పట్టు: దూరం నుంచి బండిని కనిపెట్టే మనిషిని జర్మనీ 2021 చట్టం తప్పనిసరి చేసింది గాని, కొత్తకోట దగ్గర రాత్రి రెండింటికి రోడ్డు మీద పడి ఉన్నవాడికి ఆ మనిషి ఫోను మాత్రమే చేయగలడు. అందుకే బస్సుకు, లారీకి బండిలోనే మనిషి ఉండాలి, ఆ మనిషికి డ్రైవరు జీతమే ఇవ్వాలి.