చెప్పకుండా పప్పులో మాత్ర కలిపి తాగుడు మాన్పించొచ్చా? – బ్యాండు మేళాల ఇళ్ల గోడు

పాలపిట్ట:
మొగుడు బారాత్ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు, సీజనంతా తాగుడే. భార్యకు చుట్టాలు డైసల్ఫిరామ్ మాత్రలు తెచ్చిచ్చి "పొడి చేసి పప్పులో కలుపు, వాడికి చెప్పకు" అంటున్నారు. చాలా ఇళ్లలో జరుగుతున్నదే. తప్పంటారా?

మందులషాపు:
తప్పే కాదండీ, ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మాత్ర వేసుకున్నాక తాగితే ఒంట్లో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోతుంది. ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. గుండె జబ్బుంటే మనిషే పోవచ్చు. ఆఖరి చుక్క పడ్డాక కనీసం 12 గంటలు దాటితేనే వేయాలి. 180 మి.లీ. క్వార్టరు బ్రాందీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, ఒళ్లు గంటకు 7 నుంచి 10 గ్రాములే కరిగిస్తుంది. బారాత్‌లో రాత్రి ఎన్ని క్వార్టర్లు పడ్డాయో, ఎన్నింటికి ఆపాడో ఇంట్లో ఆవిడకెలా తెలుస్తుంది? మాత్ర ఆపేసినా రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు. సంగతి తెలియనివాడు ఆల్కహాల్ కలిసిన దగ్గుమందు తాగినా ఇబ్బందే.

మేళంమేస్త్రి:
పుస్తకాల మాటలు బాగానే ఉన్నాయి. చెబితే మింగుతాడా? బారాత్ కదలకముందే పెళ్లివాళ్లే సీసా పంపుతారు. తెల్లారితే చేతులు వణుకుతాయి, కన్నాల మీద వేళ్లు సరిగా మూసుకోవు, క్లారినెట్ కీచుమంటుంది. ఒక పెగ్గు పడితే వేలు కుదురుతుంది. "తాగితేనే వాయించగలను" అని వాడి నమ్మకం. వాణ్ణి ఒప్పించేలోపు పుస్తెలు కూడా కుదువకు పోతాయి.

మందులషాపు:
ఆ వణుకే అసలు గుర్తు మేస్త్రిగారూ. పెగ్గు నైపుణ్యం పెంచట్లేదు, రాత్రి తాగింది దిగుతుంటే వచ్చిన వణుకును కాసేపు అణచిపెడుతోంది, అంతే. అలాంటివాడు ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావొచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల్లో మతి తప్పి లేనివి కనబడొచ్చు. పప్పులో మాత్రకు భయపడి ఇంట్లోనే ఆపేసినా ఇదే గతి. ముందు వార్డులో చేర్చి, వణుకు, ఫిట్స్ రాకుండా చూసే క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్ర రోజురోజుకూ తగ్గిస్తూ సుమారు వారం ఇస్తారు, లివర్ పాడైతే దాని బదులు లోరాజిపామ్. గ్లూకోజు కంటే ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి. డైసల్ఫిరామ్ సంగతి ఆ తర్వాతే, లివర్ పరీక్ష చూసి, అతనికి చెప్పి. అది పడనివాళ్లకు తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ 50 మి.గ్రా. ఉంది, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లకు మాత్రం కుదరదు.

కోర్టుగుమ్మం:
దొంగచాటుగా కలిపింది వికటిస్తే కేసు ఆవిడ మీదే పడుతుంది. ఆవిడ చేతిలో ఉన్నది 2005 గృహహింస చట్టం. కొట్టడమే కాదు, స్త్రీధనం అమ్మేయడం, ఇంటికి డబ్బివ్వకపోవడం కూడా దాని కిందికే వస్తాయి. ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర అర్జీ పెట్టొచ్చు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. విడాకులకైతే హిందూ వివాహ చట్టంలో తాగుడు విడి కారణం కాదు, క్రూరత్వం కింద రుజువు చేయాలి.

జంటకౌన్సెలింగ్:
చెప్పి ఇచ్చే పద్ధతీ ఉంది. రోజూ ఒకే వేళకు, ఆవిడ ఎదుటే అతను మింగుతాడు. "ఈ రోజు తాగను" అంటాడు, ఆవిడ "సంతోషం" అంటుంది. ఇద్దరూ క్యాలెండర్‌లో టిక్కు పెడతారు. పాత తాగుడు ఊసు ఆ పూట ఎత్తకూడదు. ఎత్తారా, మాత్ర పక్కకు పోయి గొడవ మిగులుతుంది. ఎవరి కాపలా లేకుండా వేసుకొమ్మంటే ఎక్కువమంది మధ్యలోనే వదిలేస్తారు. ఇంకోమాట: మానితే కాపురం దానంతటదే కుదురుతుందనుకోకండి. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1982లో చికిత్స తీసుకుని మళ్లీ మొదలెట్టాడు, 1987లో మళ్లీ చేరి మానాడు. 1979లో ప్యాటీ బాయిడ్‌తో అయిన పెళ్లి మాత్రం 1989లో విడాకులతో ముగిసింది.

పాలపిట్ట:
మరి సీజన్లో పని మానుకుని ఆసుపత్రిలో ఎవడు పడుకుంటాడండీ?

జంటకౌన్సెలింగ్:
ఆషాఢంలో చేర్చండి, ముహూర్తాలుండవు. శ్రావణం బుకింగులకు కాస్త కుదుటపడతాడు. మొదటి నెలలు పగటి ప్రోగ్రాములే ఒప్పుకోవాలి, డబ్బు భార్య ఫోన్‌పేకు వేయమని ఓనరుకు ముందే చెప్పాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. ఎటు పోవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416.

మేళంమేస్త్రి:
ఆషాఢం మాట బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆ నెలలోనే ఓనర్లు శ్రావణం బయానా చేతిలో పెడతారు, ఆ డబ్బే సీసా అయ్యేది. బయానా కూడా ఆవిడ ఫోన్‌కే వేసేలా ముందు ఓనర్ను ఒప్పించండి.