అమ్మేవాడు సలహా చెబితే ఆ ముక్క ముందే చెప్పాలా?

వంశధార గట్టు (గుణుపురం): ఇన్వర్టర్ల మీద మన గ్రూపులో నిన్న వచ్చిన ప్రశ్న ఇది. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ గంటల) ట్యూబులర్ బ్యాటరీ, అంటే సీసం-ఆమ్లం రకం, పోయింది, లోడు 300 వాట్లు, ఏం కొనాలి? "100 ఏహెచ్ లిథియం పెట్టేయండి, బ్యాకప్ అంతే వస్తుంది" అన్నారు సిల్క్ సిటీ గారు. ఆయనకి బ్యాటరీల కొట్టు ఉందని పదో జవాబుకి గానీ తేలలేదు. అది మొదటి వాక్యంలోనే ఉండాలంటాను.

సిల్క్ సిటీ (బరంపురం): లెక్క తప్పయితే చూపించండి. 300 వాట్లంటే ఇన్వర్టర్ నష్టంతో కలిపి 30 ఆంపియర్లు. ట్యూబులర్ మీద రాసే 150 సీ20 లెక్క, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. ఎక్కువ లాగే కొద్దీ సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి 30 లాగితే ఐదు గంటలు రావు, మూడున్నర వస్తే గొప్ప. లిథియం 100 కూడా మూడు గంటల పైమాటే. ఇందులో నా కొట్టు ఊసెందుకు? ఉందంటే చాలు, "సరుకు అంటగడుతున్నాడు" అని చదవడమే మానేస్తారు. వారంటీలో ఏవి తిరిగొస్తాయో తెలిసింది మాకే కదా!

మహేంద్రతనయ (పర్లాకిమిడి): లెక్క ఒప్పే మాస్టారూ, వదిలేసిన ముక్కతోనే తంటా. పాత ఇన్వర్టర్ ట్యూబులర్ సెట్టింగులో 14.4 వోల్టులు దాటించి, ఒక్కోసారి 14.6 కూడా మించి చార్జి చేస్తుంది. నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీకి 14.6 హద్దు. అది దాటితే బీఎంఎస్ (బ్యాటరీ లోపల దాన్ని కాపాడే సర్క్యూట్) చార్జింగ్ ఆపేస్తుంది, కొన్ని ఇన్వర్టర్లయితే బ్యాటరీ ఫాల్టని కూత పెడతాయి. అంటే లిథియం సెట్టింగున్న ఇన్వర్టర్ కూడా కొనాలి. మీరు అబద్ధం చెప్పలేదు, రెండో ఖర్చు చెప్పలేదు. కొట్టుందని తెలిస్తే అడిగినాయన "ఇంకేమైనా కొనాలా?" అని ఒక్క ప్రశ్న ఎక్కువ వేసేవారు.

నాగావళి (రాయగడ): మరి జీతానికి చేసేవాళ్లో? కంపెనీ పేరెత్తి మాట్లాడొద్దని కొందరి ఉద్యోగ ఒప్పందంలోనే ఉంటుంది.

వంశధార గట్టు: పేరెందుకు, పేరు పెడితే అదో ప్రచారం. "బ్యాటరీ కంపెనీలో సర్వీసు చూస్తాను, ఇది నా సొంత మాట" అంటే చాలు. తమ బ్రాండే కొనమనేటట్టయితే మాత్రం పేరు దాచకూడదు. ఒప్పందం అడ్డొస్తే ఆ బ్రాండు జోలికే పోకండి. ప్రకటనల్లో మెచ్చుకునేవాళ్లు కంపెనీతో సంబంధం బయటపెట్టాలని 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలే ఇచ్చింది. మనది ప్రకటన కాదు, నిజమే, కానీ చదివేవాడి జేబు అదే కదా.

మహేంద్రతనయ: అడిగేవాళ్లూ చెప్పాలి. కొందరు మెకానిక్కులు కస్టమరు యంత్రం ముందు పెట్టుకుని "మా ఇంట్లో ఇన్వర్టర్" అంటారు. సొంతదైతే మూత విప్పి ఫ్యూజు చూడమంటాం. కస్టమరుదైతే సీలు తెగి వారంటీ పోతే ఎవరిది నష్టం? పైగా మెకానిక్కని తెలిస్తే క్లాంప్ మీటరు (తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచేది) పెట్టి చార్జింగ్ కరెంటు చూడమని సూటిగా అడగొచ్చు. ఇంటాయన చేత ఆ పని చేయించలేం.

సిల్క్ సిటీ: దీనికి ఒప్పుకోను. కస్టమరుదంటే సగం మంది "డబ్బు నీకు, పని మాకా?" అంటారు. నిన్నటి జవాబు మాత్రం సవరించాను. మొదట: "నేను బ్యాటరీలు అమ్ముతాను." చివర: "ఇన్వర్టర్లో లిథియం సెట్టింగు లేకపోతే మళ్లీ ట్యూబులరే వేసుకోండి." ఇక ఎవరు చదువుతారో చూద్దాం.