డేకేర్ వాళ్లు సీపీఎస్‌కి ఫోన్ చేశారు, ఏం చేయాలి?

రాజాం నుంచి, ప్రస్తుతం డాలస్:

అన్నలకి, అక్కలకి నమస్కారం. మేం టెక్సస్ వచ్చి ఎన్నాళ్లో కాలేదు. పాపకి పది నెలలు. డైపర్ మారుస్తుంటే నడుం కింద నీలం మచ్చలు కనబడ్డాయట, మేం కొట్టామనుకుని డేకేర్ వాళ్లు సీపీఎస్‌కి, అదే పిల్లల రక్షణ చూసే ఇక్కడి సర్కారు శాఖకి, చెప్పేశారు. నిన్న ఒకావిడ వచ్చి కార్డిచ్చి, గురువారం మళ్లీ వస్తానంది. అవి పుట్టుకతో ఉన్న మచ్చలే. మా ఆవిడ నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు. వాళ్ల మీద కేసు వేయొచ్చా? పాపని తీసుకుపోతారా?

విజయనగరం నుంచి (చాలా ఏళ్లు ఆస్టిన్‌లో ఉండి వచ్చేశాను):

తమ్ముడూ, కేసు వేసే ఆలోచన ఇప్పుడు వద్దు. అనుమానం వస్తే డేకేర్ వాళ్లు చెప్పి తీరాలి, చెప్పకపోతే అక్కడ నేరం. నిజమనుకుని చెప్పినవాళ్లకి, అది పొరపాటే అయినా, చట్టం రక్షణ ఇస్తుంది. అబద్ధమని తెలిసి, మోసం చేయాలని చెబితే మాత్రం టెక్సస్‌లో ఫెలొనీ, అంటే పెద్ద నేరం. మీ డేకేర్ వాళ్లది ఆ బాపతులా లేదు.

గురువారం లోపల లాయరుని పట్టుకో. వీసా లాయరు కాదు, సీపీఎస్ కేసులు చూసే ఫ్యామిలీ లాయరు. టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి, వచ్చిన ఆఫీసరు మీ హక్కులు మీకు చెప్పాలి. లాయరు లేకుండా మాట్లాడనక్కర్లేదు, ఇంట్లోకి రానివ్వనక్కర్లేదు, మాటలు రికార్డు చేసుకోవచ్చు, పాప మెడికల్ రికార్డులకీ పరీక్షలకీ ఒప్పుకోకపోవచ్చు. ఆరోపణ ఏమిటో మొదటిసారి కలిసినప్పుడే చెప్పాలని ఫెడరల్ చట్టంలోనే ఉంది. నిన్న చెప్పిందా, లేదా?

హక్కుంది కదా అని మొహం మీద తలుపు వేయకు. వాళ్లు కోర్టు ఆర్డరుతో వస్తే ఇంకా తలనొప్పి. ‘లాయరు ఉన్నప్పుడు తప్పకుండా మాట్లాడతాం’ అని మర్యాదగా చెప్పు. మీ ఆవిడకి ఇంగ్లీషు తడబడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడుగు, పక్కింటివాళ్లని పిలవకు. సేఫ్టీ ప్లాన్ అని, పాప భద్రతకి షరతులు రాసిన కాగితం ముందు పెడితే లాయరు చూశాకే సంతకం.

ఇక అసలు సంగతి, మచ్చలు. మన పిల్లల్లో చాలామందికి నడుం కింద ఉంటాయి. డాక్టర్లు మంగోలియన్ స్పాట్ అంటారు. దెబ్బకి కమిలితే రోజురోజుకీ రంగు మారి కొన్నాళ్లకి పోతుంది. ఇవి అలా మారవు, పిల్ల పెరిగే కొద్దీ మెల్లగా వెలుస్తాయి. ఈ రోజే పిల్లల డాక్టరుకి చూపించి చార్టులో రాయించు. రోజూ ఒకే వెలుతురులో ఫోటో తీసి ఉంచు. రాజాంలో మీ అమ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగుపెట్టి నీళ్లు పోసిన వీడియోలు వాట్సాప్‌లో ఉండకపోవు. బోర్లా వేసినప్పుడు మచ్చ కనబడుతుంది, తేదీ కూడా ఉంటుంది. పది మంది సాక్ష్యం చెప్పినా అంత పనికిరాదు.

పాప ఇక్కడి ఘోషాసుపత్రిలో పుట్టి ఉంటే మీ నాన్నగారిని బర్త్ సర్టిఫికెట్ పట్టుకుని విజయనగరం రమ్మను. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి నాకు ఫోన్ చేస్తే ఆయనతో కూడా వెళ్లి డిశ్చార్జ్ కాగితం అడుగుతాను.

తీసుకుపోతారా అన్నావు. ఫోన్ కాల్ ఒక్కటే చాలదు. తక్షణ ప్రమాదం ఉందని కోర్టుకి చూపించాలి. ఒకవేళ తీసుకున్నా 14 రోజుల్లోపు పూర్తి విచారణ జరగాలి. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే అక్కడ కోర్టే పెడుతుంది.

టెక్కలి నుంచి, ప్రస్తుతం హ్యూస్టన్:

అన్నయ్య చెప్పనిది ఒకటుంది తమ్ముడూ. సీపీఎస్ వేరు, పోలీసు కేసు వేరు. చిన్నదని చెప్పి ఏ నేరమైనా ఒప్పేసుకోమంటే, ఇమిగ్రేషన్ లాయరుని అడక్కుండా ఒప్పుకోవద్దు. పిల్లల్ని హింసించిన నేరం రుజువైతే దేశం నుంచి పంపించేసే కారణాల్లో అదొకటి. పాపది ఇండియా పాస్‌పోర్టే కదా? కోర్టు దాకా పోతే, గార్డియన్‌ని పెట్టేటప్పుడు ఇక్కడి మన కాన్సులేట్‌కి తెలియజేయాలని వియన్నా ఒప్పందంలో ఉంది. కాన్సులేట్ వాళ్లు కేసు కొట్టించేస్తారని మాత్రం అనుకోకు.

కేసు మూసేశాక ఉత్తరం వస్తుంది. అందులో ‘రూల్డ్ అవుట్’ అని, అంటే ఆరోపణ నిజం కాదని తేలినట్టు, ఉందో లేదో చూసుకో. ఉంటే రికార్డుల్లోంచి పేరు తీసేయమని అడగొచ్చు. తప్పు మీదేనని తేల్చినట్టు ఉంటే రివ్యూకి పెట్టుకో, గడువు ఆ ఉత్తరంలోనే ఉంటుంది. మీ ఆవిడ నంబరు పంపు, సాయంత్రం నేను మాట్లాడతాను.